అట్లతద్ది నాడొచ్చిన కవరు

కాఫీ గ్లాసు పట్టుకుని ఇలా నా పక్కకొచ్చి కూర్చోండి. ఆ టీవీ కాస్త తగ్గించండి. ఇది గొంతు పెంచి చెప్పేది కాదు, మా బాబాయిగారి సంగతి.

సొంత బాబాయి కాదు. డెబ్భైల చివర మేం అమెరికా వచ్చి పార్సిప్పనీలో దిగినప్పుడు అక్కడ తెలుగిళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని ఉండేవి. ఆ ఇళ్ళన్నిటికీ ఆయన బాబాయిగారే. పేరు పెట్టి పిలిచినవాళ్ళని నేను చూడలేదు. మొన్న ఆదివారం పిన్నిగారు ఫోన్ చేసి, "అమ్మాయ్, మీ బాబాయిగారు వెళ్ళిపోయారే" అన్నారు. ముందు ఏడుపు రావాలి కదా. రాలేదు. గడియారం వంక చూసి, గోడమీద క్యాలెండర్లో ఆ రోజు గడిలో కబురు అందిన వేళ పెన్సిల్‌తో రాసి, అప్పుడు కింద కూలబడి ఏడ్చాను. ఆ రాసే అలవాటు ఆయన చేసిందే.

ఆయనకి రెండు చేతులకీ రెండు గడియారాలు ఉండేవి. ఎడమచేతిది ఇక్కడి టైము, కుడిచేతిది ఇండియా టైము. చూసి నవ్వేవాళ్ళు నవ్వేవారు. ఆయన మాత్రం, "ఒకటి బతకడానికి, ఒకటి పంచాంగానికి" అనేవారు. మనవైపునుంచి పంచాంగం తెప్పించుకుని, అక్కడి ఘడియల్ని ఇక్కడి పొద్దుకి మార్చి, నెలనెలా ఒక కాగితం రాసేవారు. ఏకాదశి ఎప్పుడు, అమావాస్య ఎప్పుడు, రాహుకాలం ఎప్పుడు, అంతా. కార్బన్ పేపర్ పెట్టి ఒక్కసారికి ఆరు కాపీలు తీసి, నెల మొదలవకముందే అందరిళ్ళకీ పోస్ట్ చేసేవారు. కార్బన్ అడుగున పడ్డ కాపీ వచ్చినవాళ్ళు కళ్ళు చికిలించుకుని చదువుకోవలసిందే. "ఇక్కడి చంద్రుడికి ఇక్కడి లెక్కమ్మా" అనేవారు. పిల్లలకి ఆయన క్యాలెండర్ అంకుల్.

ఉద్యోగమూ అలాంటిదే. మన దేశంలో ప్లీడరీ చేసిన మనిషి. ఇక్కడ ఆ చదువు చెల్లలేదు. మారిస్‌టౌన్‌లో ఒక లాయర్ల ఆఫీసులో తారీఖుల గుమాస్తాగా చేరారు. ఏ కేసు ఏ రోజులోగా కోర్టులో పడాలో నల్లటి డైరీలో ఎర్ర పెన్సిల్‌తో రాసి పెట్టుకుని, నెల ముందొకసారి, వారం ముందొకసారి, ముందురోజు ఒకసారి లాయర్ల వెంటపడాలి. ఫెడరల్ కోర్టులో ఒక్కో రకం దావాకి ఒక్కో గడువట. దాటితే ఎంత న్యాయమున్నా తలుపు తియ్యరట. ఆ గడువులన్నీ ఆయనకి నోటికి వచ్చేవి, మనకి నక్షత్రాలు వచ్చినట్టు.

ఎవరింటికి వెళ్ళినా కుశలప్రశ్న కన్నా ముందు, బల్లమీద కాగితం కనిపిస్తే చాలు, "ఇదెప్పుడొచ్చింది?" అని అడిగేవారు. కవరు చించి చెత్తబుట్టలో వేస్తే తీసి, దులిపి, ఉత్తరానికి పిన్ను గుచ్చి ఇచ్చేవారు. పిన్నిగారు ఊరుకునే మనిషి కాదు. ఆవకాయ జాడీ మూతమీద కూడా ఆయన తేదీ వేశారని, "పచ్చడి మీద దావా వేస్తారా ఏమిటండీ" అని పదిమందిలో అనేసేవారు. పేరంటానికైనా పుట్టినరోజుకైనా గంట ముందు వెళ్ళి, వాళ్ళింటి ముందు కార్లో కూర్చునేవారు ఇద్దరూ. పిన్నిగారు పట్టుచీర నలగకుండా నిటారుగా కూర్చుని సాధించేవారట. "ఈయన స్వర్గానికి కూడా ముందెళ్ళి, తలుపు తీసేదాకా బయట కూర్చునే రకం" అనేవారు. ఆయన చిన్నగా నవ్వి ఎడమచేతి గడియారం చూసుకునేవారు.

ఇక మా సంగతి.

మా ఆయన ఒక మందుల కంపెనీ ల్యాబులో కెమిస్టు. ఆరేళ్ళు చేశారు. ఆయన దగ్గర పని నేర్చుకున్న ముగ్గురు ఆయనకి పై ఆఫీసర్లయ్యారు. ఎందుకని అడిగితే, నీ ఇంగ్లీషు మాకు అర్థం కాదు అన్నారు. పని నేర్పేటప్పుడు అర్థమయింది కదా అని ఈయన తిరిగి అడిగారు. నెల తిరక్కుండా ఉద్యోగం తీసేశారు. ఇలాంటి అన్యాయాలు చూడడానికి సర్కారు ఆఫీసు ఒకటి ఉందంటే అందులో ఫిర్యాదు పెట్టి, ఎక్కడో ఒహాయోలో చిన్న ఉద్యోగం దొరికితే అక్కడ ఉంటూ నెలకోసారి ఇంటికి వచ్చేవారు. మనిషి మాట్లాడడం తగ్గించేశారు. దుకాణంలో కూడా నోరు విప్పకుండా వేలు పెట్టి చూపించేవారు. ఉద్యోగం పోయినందుకు కాదు, ఆ వేలు చూసి నేను ఏడ్చేదాన్ని.

ఆ ఏడు అట్లతద్ది వచ్చింది. బాబాయిగారి కాగితంలో ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టి ఉంది. మన ఊరినుంచి తెచ్చుకున్న గోరింటాకు పొడి ముందురోజే తడిపి పెట్టుకున్నాను. చుక్క పొడవకముందే లేచి చద్దన్నం తిన్నాను, ఇక చంద్రుణ్ణి చూసేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టకూడదు. మధ్యాహ్నం ఉయ్యాల ఊగాలి. మా అపార్ట్‌మెంట్లలో ఉయ్యాలంటే పిల్లల పార్కులో గొలుసులదే. స్వెట్టర్ మీద పట్టుచీర కొంగు బిగించి, ఎర్రటి చేతులతో గొలుసులు పట్టుకుని ఒక్కదాన్నే ఊగుతున్నాను.

ఎదురు బ్లాకులో ఒక అమెరికావిడ ఉండేది, ఆస్పత్రిలో పని. ఆవిడ ఒక చేతిలో ప్లేటు, ఒక చేతిలో కవరుతో వచ్చింది. కూతురు పుట్టినరోజని వాళ్ళ ఊరు వెళ్ళి వారం పైన ఉండి, ఆ పుట్టినరోజు జరిగిన మర్నాడు తిరిగొచ్చిందట. వచ్చి చూస్తే తన డబ్బాలో మా ఉత్తరం పడి ఉంది. అక్కడ బ్లాకులన్నీ కవలపిల్లల్లా ఉంటాయి, ఉత్తరాలు తారుమారవడం మామూలే. ఉత్తరం ఇచ్చి, కేకు తినమంది. నాకొచ్చిన ఇంగ్లీషులో, "నో ఈట్ టుడే. మూన్ కమ్, ఐ ఈట్" అన్నాను. ఆవిడ నా చేతులకేసీ ఆకాశంకేసీ చూసి నవ్వుకుంటూ వెళ్ళింది.

కవరు మీద అమెరికా సర్కారువాళ్ళ గద్ద బొమ్మ ఉంది. విప్పలేదు. మా ఆయన పేరు మీద వచ్చింది నేనెప్పుడూ విప్పను. బొట్టు పెట్టి దేవుడి పటం కింద ఉంచాను. ఫోన్‌లో చెబితే, మీ ఫిర్యాదు పరిశీలిస్తున్నాం అని రాసే మామూలు ఉత్తరమే అయుంటుంది, ఉండనీ వచ్చాక చూస్తా అన్నారు. కార్తీకమాసంలో వచ్చి విప్పారు. మేమిక ఏమీ చెయ్యం, కావాలంటే ఈ ఉత్తరం అందిన తొంభై రోజుల్లోగా ఫెడరల్ కోర్టులో మీరే దావా వేసుకోండి అని ఉంది. ఆయన విప్పిన రోజునుంచి తొంభై లెక్కపెట్టుకున్నారు. ఇంకా బోలెడంత టైముంది అన్నారు.

అప్పుడు అడ్డం పడ్డది నేనే. మొదటి ఫిర్యాదు అమావాస్యనాడు పెట్టారు, అందుకే ఇలా తగలడింది, ఈసారి మంచిరోజు చూసి మొదలుపెట్టాలి అన్నాను. మొదట మూఢం అన్నాను. మూఢం పోతే ధనుర్మాసం వచ్చింది. ఉత్తరాయణం రానివ్వండి, పుణ్యకాలంలో వేద్దాం అన్నాను. ఆయనకీ ఉత్సాహం లేదు, సరే అన్నారు. జనవరిలో సెలవు పెట్టుకుని వచ్చారు. ఒక మంగళవారం పొద్దున్నే బాబాయిగారికి ఫోన్ చేశాను, ఉత్తరాయణం వచ్చాక కోర్టులో కాగితం వెయ్యడానికి ఒక మంచి ముహూర్తం పెట్టండి అని.

ఏ కోర్టు అన్నారు. ఫెడరల్ కోర్టు అన్నాను. గొంతు మారింది.

"ఉత్తరం ఎప్పుడొచ్చింది?"

కార్తీకంలో విప్పారు అని చెప్పాను.

"విప్పిన రోజు అడగలేదమ్మా. మీ గుమ్మం దాటిన రోజు అడిగాను."

"అట్లతద్ది నాడు, బాబాయిగారూ."

ఫోన్‌లో కాగితాలు తిప్పిన చప్పుడు వినిపించింది. తర్వాత ఆయన గొణుక్కుంటూ లెక్కపెట్టడం వినిపించింది. నేను ఫోన్ తీగ వేలికి చుట్టుకుంటూ నిలబడ్డాను.

"ఇవాళ ఎనభై ఎనిమిదో రోజు. అబ్బాయిని పిలు."

ఆయన చేతికి అందకపోయినా, ఇంట్లో ఇల్లాలి చేతికి అందితే అందినట్టేనట. ఎల్లుండి సాయంత్రం కోర్టు కిటికీ మూసేలోగా కాగితం అక్కడ పడాలి. పోస్ట్‌లో వేస్తే చాలదు, వాళ్ళ ముద్ర పడాలి. మా ఆయన ఫోన్ పెట్టేసి, కవరు కోసం దేవుడి పటం దగ్గరికి వెళ్ళారు.

బాబాయిగారి ఆఫీసులో చిన్నవయసు లాయరమ్మ ఒకావిడ ఉండేది. బాబాయిగారు వెళ్ళి ఆవిడ బల్లముందు నిలబడ్డారట, ఒప్పుకునేదాకా కదల్లేదట. బుధవారమంతా రాశారు, గురువారం పొద్దున సంతకాలు. బయట మంచు పడుతోంది. కాగితాలు నెవార్క్‌లో ఉన్న కోర్టుకి తీసుకెళ్ళే మనిషి ఆ మంచులో రాలేకపోయాడు. లాయరమ్మకి ఇంకో కేసుంది. బాబాయిగారు కాగితాలు కోటులోపల పెట్టుకుని మా కారెక్కారు. నన్ను ఇంట్లో ఉండమన్నారు. ఉండలేను అన్నాను. ఆలస్యం నాది, నేనెక్కడ కూర్చుంటాను?

దారంతా కార్లు చీమల్లా పాకుతున్నాయి. మా ఆయన ఒకసారి, విప్పిన రోజే అందిందని చెబితే ఇంకా నెల దొరుకుతుంది కదండీ అన్నారు. బాబాయిగారు రోడ్డుమీంచి చూపు తిప్పకుండా, "మనకి తొంభయ్యో రోజు చాలు నాయనా. అబద్ధంతో దాన్ని పొడిగించుకోనక్కర్లేదు" అన్నారు. అప్పుడు తనంతట తనే చెప్పారు.

మన దేశంలో ప్లీడరుగా ఉన్న కొత్తల్లో ఒక విధవరాలి కేసు వచ్చిందట ఆయన దగ్గరికి. అప్పీలు వెయ్యడానికి ఆఖరి రోజు అమావాస్య పడింది. ఆవిడ భయపడింది, ఈయనకీ మనసొప్పలేదు. ఒక్కరోజే కదా, ఏదో కారణం చెప్పుకోవచ్చులే అని మర్నాడు తీసుకెళ్ళారు. కోర్టు తీసుకోలేదు. "ఆ మర్నాటికి అమావాస్య వదిలిపోయిందమ్మా. అన్నీ కుదిరాయి. కేసే లేదు" అన్నారు. ఆవిడ కోర్టు వరండాలో నిలబడి ఈయన్ని తిట్టలేదట. ఇప్పుడేం చెయ్యాలి బాబూ అని మాత్రం అడిగిందట.

నేను ఊరుకోలేక, మరింకా పంచాంగం ఎందుకు చూస్తున్నారు అని అడిగేశాను. ఆయన నొచ్చుకోలేదు. "ముహూర్తం మనం పెట్టుకునేది. గడువు అవతలివాడు పెట్టేది. రెండూ కలిశాయా, అదృష్టం. కలవలేదా, గడువే ముందు. దేవుడు ఏమీ అనుకోడు, కోర్టు గుమాస్తా అనుకుంటాడు."

నెవార్క్ కోర్టు మెట్లెక్కుతుంటే చూసుకున్నాను, రెండుంపావు. గురువారం ఒకటిన్నరనుంచి మూడుదాకా రాహుకాలమని ఆయన కాగితంలోనే ఉంటుంది. నా కాళ్ళు ఆగాయి. ఇంకో ముప్పావుగంట ఆగుదామా అని నోటిదాకా వచ్చింది, పైకి అనలేదు. బాబాయిగారికి తెలిసిపోయింది. కుడిచేతి గడియారం విప్పి జేబులో వేసుకుని, "పద తల్లీ, ముద్ర పడ్డాక రాహువు కూడా చెరపలేడు" అని ముందు నడిచారు. కిటికీ అవతల మనిషి కాగితాలు తిరగేసి ముద్ర వేశాడు. టప్‌మని చప్పుడైంది. అంత మంచి మంగళవాద్యం నేను మళ్ళీ వినలేదు.

కథ అక్కడితో ఆగలేదు. కంపెనీవాళ్ళ లాయరు, ఈ దావా గడువు దాటాక వచ్చింది, కొట్టేయండి అన్నాడు. ఉత్తరం మీద తేదీ ఫలానా, పోస్ట్‌కి మూడు రోజులు వేసుకున్నా ఎప్పుడో అందుండాలి, అప్పటినుంచి లెక్కేస్తే ఆరు రోజులు ఆలస్యం అని. మా ఇంట్లో ఉత్తరం ఎప్పుడు అందిందో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నన్ను కూర్చోబెట్టి ప్రశ్నలు వేశారు. పక్కన తెలుగు తెలిసిన కాలేజీ అమ్మాయి నా మాట ఇంగ్లీషులో చెబుతోంది. బాబాయిగారిని లోపలికి రానివ్వలేదు, బయట బెంచీ మీద కూర్చున్నారు. వెళ్ళేముందు ఆయన చెప్పిందొకటే, తెలిసింది చెప్పు, తెలియంది తెలియదను.

ఆ లాయరు మర్యాదస్తుడే. అమ్మా, మీకు ఇంగ్లీషు చదవడం రాదు, గోడమీద ఇంగ్లీషు క్యాలెండరూ చూడనంటున్నారు, మరి ఫలానా రోజే అందిందని ఎలా చెబుతున్నారు అని అడిగాడు.

నాకు భయం పోయింది. "అయ్యా, మీకు తారీఖులు గోడమీద ఉంటాయి. నాకు కడుపులో ఉంటాయి. ఆ రోజు నేను మంచినీళ్ళు కూడా తాగలేదు. ఏడాదికొక్కసారి చేసే నోము అది. ఆ ఆకలి ఎవరైనా మర్చిపోతారా?"

ఆ నోము ఏ రోజన్నది నేను చెప్పక్కర్లేకపోయింది. మా వంటింటి గోడకున్న బాబాయిగారి కాగితం చెప్పింది. ఆ సర్కారు ఉత్తరం పుట్టకముందే రాసి, పోస్ట్ చేసిన కాగితం. కవరు మీద ముద్రతో సహా ఉంది, కవర్లు దాచమని ఆయన నేర్పారు కదా. ఎదురు బ్లాకావిడా వచ్చింది. మా అమ్మాయి పుట్టినరోజు మర్నాడే ఇచ్చాను, పట్టుచీర కట్టుకుని ఉయ్యాలూగుతోంది, చేతులు ఎర్రగా ఉన్నాయి, నా కేకు తినలేదు, చంద్రుడొస్తే తింటానంది అని చెప్పింది. వాళ్ళ పుట్టినరోజు మర్నాడూ మన తదియా ఒకే గడిలో వచ్చి కూర్చున్నాయి.

జడ్జిగారి కాగితం రావడానికి వేసవి అయింది. దావా సరిగ్గా తొంభయ్యో రోజున, గడువులోగానే పడింది, కేసు నడుస్తుంది అని రాశారు. లాయరమ్మ చదివి చెబుతుంటే మా ఆయన, ఇంకోసారి చదవమన్నారు. ఇంగ్లీషులోనే అడిగారు, గట్టిగా. ఆఫీసులో మనుషులు తలెత్తి చూశారు. చూస్తే చూడనీ. ఆ మర్నాడు దుకాణంలో వేలు చూపించకుండా, వంకాయలు బాగాలేవని ఆ షాపువాడితో పోట్లాడి వచ్చారు. నామటుకు కేసు గెలిచింది ఆ రోజే. తర్వాత ఏడాదికి కంపెనీవాళ్ళు రాజీకి వచ్చి, ఆయనకి రావలసిన పెద్ద పనిలోకే తీసుకున్నారు, అది వేరే సంగతి.

బాబాయిగారికి బట్టలు పెట్టబోతే వద్దన్నారు. ఏం కావాలన్నా చెప్పరు. చివరికి, అట్లతద్దికి నాకూ అట్లు పంపుతూండు అన్నారు. పోయినేడు దాకా పంపాను. చల్లారకముందే, ఒక గంట ముందే.

నిన్న పిన్నిగారిని చూడ్డానికి వెళ్ళాను. ఆయన కుర్చీ పక్కన రెండు గడియారాలూ ఉన్నాయి, రెండూ నడుస్తున్నాయి. "చూశావా, అన్నట్టే ముందెళ్ళి కూర్చున్నారు" అన్నారావిడ. ఏడుస్తూనే నవ్వారు. తర్వాత పాత నల్ల డైరీ ఒకటి తెచ్చి, ఒక పేజీ తీసి నా చేతికిచ్చారు. ఇదేమిటో నాకు తెలీదు, నీకేమన్నా తెలుస్తుందా అని. ఆ గురువారం పేజీ. అంతా ఇంగ్లీషు, అంతా గడువులు. కింద ఎర్ర పెన్సిల్‌తో ఒక్క ముక్క తెలుగులో ఉంది. అది నేను చదువుకోగలిగాను.

"ఈసారి అందింది."

ఆ విధవరాలి సంగతి పిన్నిగారికి ఆయన చెప్పలేదని అప్పుడు తెలిసింది. నేను చెప్పాను.

ఆ బొట్టు కవరు ఇప్పటికీ మా దేవుడి పటం కిందే ఉంది. మీరూ ఇక లేచి వెళ్ళండి, పొద్దుపోతోంది. మీ గుమ్మం దాటి వచ్చే కబురు మంచిదే కావాలి. మంచిది కాకపోతే, దాన్ని సరిదిద్దుకునేందుకు మీకింకా రోజులు మిగిలి ఉండాలి. ఎప్పుడొచ్చిందని అడిగే మనిషి ఒకరు మీ ఇంటికెప్పుడూ కరువు కాకూడదు. మీ పిల్లాపాపా చల్లగా ఉండాలి.